ఒక అడుగు తక్కువ

బోస్టన్ బ్రూయిన్స్ ఐస్ హాకీ జట్టులో 2012 నుంచి 2020 దాకా ఒకే ఉద్యోగం చేసిన ఇద్దరు మనుషులున్నారు. ఒకరు జ్డెనో చారా. ఎత్తు ఆరడుగుల తొమ్మిదంగుళాలు, బరువు 113 కిలోలు. నేషనల్ హాకీ లీగ్‌లో అతను అడుగుపెట్టేనాటికి అంతటి పొడగరి ఆ మంచు మీద ఎప్పుడూ ఆడలేదు. రెండోవాడు టోరీ క్రూగ్. ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు, బరువు 85 కిలోల దరిదాపు. సరిగ్గా ఒక అడుగు తక్కువ. ఇద్దరూ డిఫెన్స్‌మన్‌లే. ఎదుటి జట్టువాళ్లు పక్ అనే రబ్బరు బిళ్లను తీసుకుని దూసుకొస్తుంటే వెనక్కి స్కేట్ చేస్తూ వాళ్లకు ఎదురు నిలవడం, గోడవారకు నెట్టడం, పక్ లాక్కుని తమవాళ్లకు అందించడం వాళ్ల పని. మనకు తెలిసిన హాకీలో ఒంటితో ఢీకొడితే ఫౌల్. ఈ ఆటలో పక్ దగ్గరున్నవాణ్ని భుజంతో గుద్దడం నియమాల ప్రకారమే జరుగుతుంది. అందుకే ఆ ఉద్యోగానికి పెద్ద ఒళ్లు కావాలని అందరూ అనుకుంటూ వచ్చారు. లీగ్‌లో సగటు ఆటగాడే ఆరడుగులు దాటి ఉంటాడు, డిఫెన్స్‌మన్ ఇంకో అంగుళం ఎక్కువే.

క్రూగ్ లాంటివాళ్ల గురించి రాసేటప్పుడు గుండెధైర్యంతో నెగ్గుకొచ్చాడని రాయడం పరిపాటి. నాకా మాట రుచించదు. గుండెధైర్యం చారాకు మాత్రం తక్కువా? అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. డిఫెన్స్‌మన్ పనిలో శరీరం చేసేదేమిటి, దానికి ఎంత శరీరం కావాలి? ఇది భౌతికశాస్త్రం ప్రశ్న. జవాబు కూడా అక్కడే దొరుకుతుంది, కనీసం సగం.

ముందు అతని జీవితం నాలుగు మాటల్లో. క్రూగ్ 1991లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టాడు. కుర్రాళ్లను ఏటా లీగ్ జట్లు పంచుకునే డ్రాఫ్ట్‌లో అతని పేరు ఎవరూ పిలవలేదు. ఏడు రౌండ్లలో రెండొందల మందికి పైగా ఎంపికయ్యే తంతు అది. అంతమందిలోనూ చోటు రాలేదు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడి, కెప్టెనై, తమ కాలేజీ పోటీల్లో ఆ ఏటి మేటి ఆటగాడనిపించుకున్నాక 2012 మార్చిలో బ్రూయిన్స్ ఒప్పందం రాసుకున్నారు. మరుసటి ఏడాది ప్లేఆఫ్‌లలో ముగ్గురు డిఫెన్స్‌మన్‌లు గాయాలతో మూలన పడితే గత్యంతరం లేక అతణ్ని కింది జట్టు నుంచి పిలిపించారు. అంతకుముందు లీగ్‌లో అతను ఆడినవి మూడే మ్యాచ్‌లు. న్యూయార్క్ రేంజర్స్‌తో అయిదు మ్యాచ్‌ల సిరీస్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు. ఇక కిందికి పంపే ప్రసక్తే రాలేదు.

ఇప్పుడు మంచు దగ్గరికి వెళ్దాం. స్కేట్ ఎందుకు జారుతుందంటే బ్లేడు ఒత్తిడికి మంచు కరిగి నీరవుతుందని చిన్నప్పటి పాఠాల్లో ఉండేది. లెక్కేసి చూస్తే అది నిలబడదు. ద్రవీభవన స్థానం ఒక్క డిగ్రీ దిగాలంటే సుమారు 135 వాతావరణాల పీడనం కావాలి. ఆట జరిగే రింక్‌లో మంచు సున్నాకు అయిదారు డిగ్రీల దిగువన ఉంటుంది. ఒక మనిషి బరువు అంత పని చేయలేదు. 19వ శతాబ్దం నడిమిలోనే మైకేల్ ఫారడే ఊహించినట్టు, మంచు ఉపరితలంలో ఉన్న అణువులకు పైన పట్టుకునేవాళ్లు లేరు కాబట్టి అవి సున్నాకు దిగువన కూడా సగం ద్రవంలా కదులుతుంటాయి. బ్లేడు రాపిడికి పుట్టే వేడి దానికి తోడవుతుంది. ఫలితంగా బ్లేడు నిలువునా సాగే దిశలో ఘర్షణ గుణకం 0.01 కన్నా తక్కువ. అడ్డదిశలో కథ వేరు. బ్లేడు మందం దాదాపు మూడు మిల్లీమీటర్లు. దాని అడుగున సన్నటి గాడి చెక్కి ఉంటుంది, దానికిరువైపులా రెండు పదునైన అంచులు. కాలు వంచితే ఒక అంచు మంచులోకి దిగి పట్టు దొరికించుకుంటుంది. ఐస్ హాకీలో వేగం, మలుపు, ఆగడం అన్నీ ఆ అంచు పట్టు మీదే జరుగుతాయి.

జట్లలో స్కేట్లకు పదును పెట్టే మనిషి ఒకరుంటారు. ఒక్కో ఆటగాడికి గాడి ఎంత లోతు కావాలో ఆయన దగ్గర రాసి ఉంటుంది. బరువైనవాళ్లు సాధారణంగా గాడి లోతు తక్కువ ఉంచమంటారు, ఎందుకంటే వాళ్ల బరువుకే అంచు బాగా దిగిపోతుంది. గాడి మరీ లోతైతే కాలు మంచులో ఇరుక్కున్నట్టయి జారుడు పోతుంది. తేలికవాళ్లు లోతు పెంచుకుంటారు. అంటే ఎక్కువ బరువు వల్ల వచ్చే పట్టులో కొంత భాగాన్ని సానరాయి మీద తెచ్చుకోవచ్చన్నమాట. చిన్న ఒంటికి ఉన్న లోటుల్లో ఇది అన్నిటికన్నా చవగ్గా తీరేది.

ఇక కొలతల లెక్క. ఒకే ఆకారం ఉన్న రెండు శరీరాల్లో ఒకటి రెండోదానికన్నా 1.17 రెట్లు పొడవు అనుకుందాం. చారాకూ క్రూగ్‌కూ ఎత్తులో ఉన్న నిష్పత్తి అదే. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, అంటే పొడవు వర్గంతో పెరుగుతుంది. బరువు పొడవు ఘనంతో పెరుగుతుంది. పెద్ద శరీరం మోయాల్సిన బరువు దాని బలంకన్నా వేగంగా పెరిగిపోతుంది. కాలును ముందుకూ వెనక్కూ ఊపడంలో ఈ తేడా ఇంకా ముదురుతుంది. ఊపుకు వచ్చే కోణీయ త్వరణం పొడవు వర్గానికి విలోమం. ఈ లెక్కన చిన్నవాడి కాలు 38 శాతం ఎక్కువ త్వరణంతో ఊగగలదు. చారా నిజానికి ఆ ఎత్తుకు సన్నగా ఉండే మనిషి, కాబట్టి అంకెలు అచ్చంగా అతనికి వర్తించవు. దిశ మాత్రం మారదు. అయితే పొడవాటి కాలు ఒక్కో అంగలో ఎక్కువ దూరం పోతుంది కనుక పూర్తి వేగం అందుకున్నాక ఇద్దరి మధ్య తేడా చాలామటుకు చెరిగిపోతుంది. చిన్నవాడి లాభమంతా మొదటి మూడు నాలుగు అంగల్లోనే. ఐస్ హాకీలో పరుగులు చాలావరకు ఆ మూడు నాలుగు అంగల్లోనే తేలిపోతాయి. రింక్ పొడవు 200 అడుగులు, వెడల్పు 85. ఒకేసారి పన్నెండు మంది ఉంటారు. తీరిగ్గా పూర్తి వేగం అందుకునే జాగా ఎక్కడిది?

మలుపు దగ్గర మరో విచిత్రం ఉంది. సెకనుకు 8 మీటర్ల వేగంతో ఆరున్నర మీటర్ల వ్యాసార్థంలో తిరగాలంటే ఒళ్లు సుమారు 45 డిగ్రీలు వాలాలి. ఈ లెక్కలో ద్రవ్యరాశి రెండు పక్కలా కొట్టేసుకుపోతుంది. చారా అయినా క్రూగ్ అయినా అదే కోణం. కానీ ఆ కోణానికి చేరడానికి పట్టే కాలం ఒకటి కాదు. అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడిన పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. పొట్టి పుల్ల చటుక్కున ఒరిగిపోతుంది, పొడుగు కర్ర మెల్లగా వాలుతుంది, అందుకే దాన్ని నిలబెట్టడం తేలిక. వాలే కాలం గురుత్వ కేంద్రం ఎత్తుకు వర్గమూలంగా మారుతుంది. మన ఇద్దరి మధ్య అది ఎనిమిది శాతం. వినడానికి తక్కువే, సెకనులో నూటికి మూడు వంతులు. గట్టిగా కొట్టిన పాస్ సెకనుకు 20 మీటర్లు పోతుందనుకుంటే ఆ లోపల పక్ 60 సెంటీమీటర్లు జరిగి ఉంటుంది. పక్ కర్రకు అందడానికీ అందకపోవడానికీ ఆ దూరం చాలు.

మరి ఢీకొన్నప్పుడు? అక్కడైనా పెద్దవాడిదే పైచేయి కావాలి కదా. 2019 మే 27న బోస్టన్‌లో లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్ తొలి మ్యాచ్ జరిగింది. మూడో పీరియడ్‌లో బోస్టన్ గోల్ ముందు సెయింట్ లూయిస్ బ్లూస్ ఆటగాడు డేవిడ్ పెరాన్ క్రూగ్‌ను కింద పడేసి అదిమిపట్టాడు. ఆ పెనుగులాటలో క్రూగ్ హెల్మెట్ ఊడిపోయింది. లేచాడు. హెల్మెట్ కోసం చూడలేదు. జుట్టు గాలికి ఎగురుతుండగా రింక్ ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకెళ్లి, పక్ అందుకోబోతున్న బ్లూస్ ఆటగాడు రాబర్ట్ థామస్‌ను భుజంతో గుద్దాడు. థామస్ ఆరడుగులవాడు. గాల్లోకి లేచి పడ్డాడు. స్టేడియం హోరెత్తిపోయింది. పెనాల్టీ పడలేదు, బోస్టన్ 4-2తో గెలిచింది. ఆ తర్వాతి సీజన్ నుంచి హెల్మెట్ ఊడితే దాన్ని తిరిగి పెట్టుకోవాలి, లేదా మంచు దిగిపోవాలని లీగ్ నియమం తెచ్చింది.

ఆ గుద్దులో ఏం జరిగింది? ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించడం. 85 కిలోల మనిషి సెకనుకు 9 మీటర్ల వేగంతో వస్తే అది 765. 113 కిలోల మనిషి 6 మీటర్ల వేగంతో వస్తే 678. గతిశక్తిలో వేగం వర్గమై కూర్చుంటుంది కాబట్టి తేడా ఇంకా పెద్దది. మొదటివాడి దగ్గర సుమారు 3,400 జౌల్స్, రెండోవాడి దగ్గర 2,000. ఇవి ఉదాహరణకు తీసుకున్న వేగాలే, ఆ రాత్రి ఎవరూ కొలిచినవి కావు. కానీ రింక్ మొత్తం ఉరికొచ్చినవాడు నిలబడి ఉన్నవాణ్ని గుద్దితే ఆ 28 కిలోల తేడా ఎలా ఆవిరైపోతుందో వీటిలో కనిపిస్తుంది. పైగా థామస్ కళ్లు పక్ మీదున్నాయి. గుద్దు వస్తుందని తెలిసినవాడు మోకాళ్లు వంచి, నడుము బిగించి, ఒళ్లంతా ఒకే ముద్దగా చేసుకుంటాడు. తెలియనివాడి శరీరం ముక్కలు ముక్కలుగా కదులుతుంది. ఆ క్షణంలో గుద్దినవాడి భుజానికి అడ్డుపడేది ఒక ముక్క బరువే.

అయితే ఇలాంటి గుద్దులు సీజన్‌లో ఎన్నిసార్లు దొరుకుతాయి? ఈ ఒక్క సంఘటన పట్టుకుని చిన్నవాళ్లు గుద్దులాటలోనూ సమానులే అనడం అతిశయోక్తి. నిలబడి తోసుకునే చోట, ముఖ్యంగా గోల్ ముందు, గోడవార, వేగం ఉండదు. అక్కడ కిలోలే మాట్లాడతాయి. ఇంకొకటి చేతి అందుబాటు. హాకీ కర్ర పొడవు 63 అంగుళాలకు మించకూడదు. చారా ఎత్తు చూసి అతనికి 65 అంగుళాల కర్రకు అనుమతి ఇచ్చారు. కర్ర, చెయ్యి కలిపి గీసే వృత్తం వ్యాసార్థం ఎత్తుతోపాటే పెరుగుతుందనుకుంటే, ఆ వృత్తం వైశాల్యం దాదాపు 40 శాతం ఎక్కువ. చారా నిలబడ్డ చోటే అంత మంచును కాపలా కాస్తాడు. క్రూగ్ అదే మంచును కాయాలంటే ముందే సరైన చోటికి చేరుకుని ఉండాలి. బోస్టన్ కోచ్‌లు ఇది ఎరిగినవాళ్లే. సొంత గోల్ దగ్గర మొదలయ్యే ఆటకు ఎక్కువగా చారాను పంపేవారు, ఎదుటి గోల్ దగ్గర మొదలయ్యేదానికి క్రూగ్‌ను. దీన్ని దాచిపెట్టి అతణ్ని పొగడడంలో అర్థం లేదు.

ఎదుటి గోల్ దగ్గర అతను చేసిన పని చూడదగ్గది. ప్రత్యర్థి ఒకరు పెనాల్టీ మీద బయటికి వెళ్తే గోల్‌కీపర్లు కాక అవతల నలుగురు, ఇవతల అయిదుగురు మిగులుతారు. దాన్ని పవర్ ప్లే అంటారు. బోస్టన్ పవర్ ప్లేలో, దాడి ప్రాంతానికి సరిహద్దైన నీలిగీత దగ్గర మధ్యలో క్రూగ్ ఒక్కడే నిలబడేవాడు. ఒక పక్క డేవిడ్ పాస్ట్ర్‌నాక్, మరో పక్క బ్రాడ్ మార్షాండ్, నడిమధ్యలో పాట్రిస్ బెర్జరాన్. గోల్ గీత అక్కడికి 64 అడుగులు, అంటే పందొమ్మిదిన్నర మీటర్లు. అడ్డుకునేవాడు నాలుగు మీటర్ల దూరంలో ఎదురుగా నిలబడ్డాడనుకోండి. క్రూగ్ నీలిగీత వెంబడి ఒక మీటరు పక్కకు జరిగితే, గోల్‌కు పోయే సరళరేఖ ఆ అడ్డుకునేవాడి దగ్గర 80 సెంటీమీటర్లు జరుగుతుంది. అతనూ అంత దూరం జరగాలి. అదే పది మీటర్ల దూరంలో ఉండి ఉంటే అరమీటరు చాలు. కానీ దూరం జరిగితే పాస్‌లకు దారి ఇచ్చినట్టే. క్రూగ్ భుజం ఎడమకు తిప్పి, అంచు మార్చి, కుడికి జారేవాడు. అడ్డుకునేవాడి బరువు తప్పు కాలి మీద ఉండిపోయేది. పక్ అప్పటికి పాస్ట్ర్‌నాక్ కర్ర మీద ఉండేది. 2019-20 సీజన్‌లో క్రూగ్ 61 మ్యాచ్‌లలో 49 పాయింట్లు సంపాదించాడు. తొమ్మిది గోల్స్, 40 అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసిన పాస్‌లు). వాటిలో సగానికి పైగా పవర్ ప్లేలో వచ్చినవే.

ఇవన్నీ పాతికేళ్ల కిందటి లీగ్‌లో పనికొచ్చేవా అంటే అనుమానమే. చిన్నవాడు మూడంగల్లో ముందుకుపోతే, వెనకవాడు కర్ర కొక్కెంలా వేసి నడుము పట్టి లాగేవాడు. చూసీచూడనట్టు పోయేవారు. యజమానులకూ ఆటగాళ్లకూ పేచీ వచ్చి 2004-05 సీజన్ మొత్తం రద్దయ్యాక, 2005లో ఆట మళ్లీ మొదలైనప్పుడు ఆ లాగుడుకు పెనాల్టీలు కచ్చితంగా పడసాగాయి. రెండు గీతలు దాటే పొడవాటి పాస్‌ల మీద ఉన్న నిషేధమూ పోయింది. పాస్ బాగా ఇవ్వగల డిఫెన్స్‌మన్‌కు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. అంతకుముందు చిన్నవాళ్లు లేరని కాదు. బ్రయన్ రఫాల్స్కీ ఎత్తు అయిదడుగుల పదంగుళాలు. అతణ్నీ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. స్వీడన్, ఫిన్లండ్‌లలో ఆడి 1999లో ఇరవయ్యారేళ్ల వయసులో న్యూజెర్సీ డెవిల్స్‌కు వచ్చాడు. మూడు స్టాన్లీ కప్‌లు గెలిచాడు, 2000, 2003ల్లో న్యూజెర్సీతో, 2008లో డెట్రాయిట్‌తో. ఆ విజయాలు కళ్లముందే ఉన్నా ఎంపికదారులు 2009లో క్రూగ్‌ను వదిలేశారు.

ఎంపికదారుల చూపులో ఉన్న లోపం మీద మంచి పరిశోధనలే ఉన్నాయి. కెనడా పిల్లల హాకీలో వయసు లెక్క జనవరి 1తో మొదలవుతుంది. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టు. పదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే అంగుళాల తేడా. పెద్దగా కనబడినవాడికి మంచి కోచ్, ఎక్కువ ఆట దొరుకుతాయి. మేటి జట్లలో ఏడాది మొదట్లో పుట్టినవాళ్లు ఎందుకు కిక్కిరిసి ఉంటారో 1985లో రోజర్ బార్న్స్లీ బృందం చూపించింది. ఏడాది రెండో సగంలో పుట్టినవాళ్లను డ్రాఫ్ట్‌లో వాళ్ల తర్వాతి ఆటకు తగినంత ముందుగా తీసుకోలేదని 2013లో రాబర్ట్ డీనర్ బృందం లెక్కతేల్చింది. జారెడ్ స్పర్జన్ పుట్టింది నవంబరు 29న, ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. 2008లో ఆరో రౌండ్‌లో 156వ వాడిగా తీసుకున్న న్యూయార్క్ ఐలాండర్స్ ఒప్పందమే రాయకుండా వదిలేశారు. మినెసోటా వైల్డ్ దగ్గర పరీక్షకు నిలబడి చోటు దక్కించుకున్నాడు, 2021లో ఆ జట్టు కెప్టెనయ్యాడు. క్రూగ్‌లా పవర్ ప్లే మీద ఆధారపడ్డవాడు కాదతను. ఎదుటి జట్టు మేటి దాడికారులకు ఎదురు నిలబెట్టేది అతణ్నే. పైగా పెనాల్టీలు బహు తక్కువ. లాగాల్సిన, గుద్దాల్సిన అవసరం రాకముందే కర్ర సరైన చోట పెట్టేస్తాడు.

లేన్ హట్సన్ కథ ఇంకా సరదా. 2022 డ్రాఫ్ట్‌కు ముందు అయిదడుగుల ఎనిమిదంగుళాలు ఉన్న ఆ కుర్రాడు హార్మోన్ల వైద్యుడి దగ్గర ఉత్తరం రాయించుకుని జట్లకు చూపించాడు. ఎముక వయసు అసలు వయసుకన్నా వెనకబడి ఉంది, ఇంకా పెరుగుతాడని. దీనికి ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. ఎముక కొసల్లో పెరుగుదల ఫలకాలనే మృదులాస్థి పొరలు మూసుకోలేదంటే ఎత్తు ఇంకా మిగిలి ఉన్నట్టే. ఎంపికదారులను వాళ్ల కొలబద్దతోనే ఒప్పించాలని చూశాడన్నమాట. అయినా 62వ వాడిగానే మాంట్రియల్ తీసుకుంది. 2024-25లో అతను 60 అసిస్ట్‌లతో కొత్త డిఫెన్స్‌మన్‌ల రికార్డును సమం చేసి, ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అందుకున్నాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. లీగ్‌లో కనబడే చిన్న డిఫెన్స్‌మన్‌లంతా అద్భుతంగా ఆడుతున్నారంటే చిన్న ఒళ్లే మేలని కాదు. అద్భుతంగా ఆడనివాళ్లను లోపలికి రానివ్వలేదు కాబట్టి మనకు వాళ్లు కనబడరు. ఆరడుగుల మూడంగుళాల మామూలు ఆటగాడికి దొరికే చోటు అయిదడుగుల తొమ్మిదంగుళాల మామూలు ఆటగాడికి దొరకదు.

క్రూగ్ 2020 అక్టోబరులో బోస్టన్ వదిలి సెయింట్ లూయిస్‌కు వెళ్లాడు. ఏడేళ్లకు 4.55 కోట్ల డాలర్లు. తను గుద్దిన థామస్, తన హెల్మెట్ ఊడగొట్టిన పెరాన్ ఇద్దరూ సహచరులయ్యారు. అదే ఏడాది చివర్లో చారా కూడా బోస్టన్ వీడి వాషింగ్టన్ చేరాడు. చారా మరో రెండు సీజన్లు ఆడి, 45 ఏళ్ల వయసులో 2022లో ఆట మానేశాడు. డిఫెన్స్‌మన్‌లలో అందరికన్నా ఎక్కువగా 1,680 మ్యాచ్‌లు ఆడినవాడు అతనే. చివరి ఏళ్లలో అతని కాళ్లు నెమ్మదించాయని అందరికీ తెలుసు. కానీ నిలబడ్డ చోటి నుంచే ఆ చెయ్యీ కర్రా అంత మంచును కాస్తూనే ఉన్నాయి.

క్రూగ్‌కు ఆ వెసులుబాటు లేకపోయింది. 2024 వేసవి సాధనలో ఎడమ చీలమండ నొప్పి పెట్టసాగింది. పరీక్షిస్తే కీలు అరుగుదల మొదలైందని తేలింది. గతంలో ఎముక విరిగిన గాయం తాలూకు ప్రభావం ఏళ్ల తరబడి పేరుకుని అక్కడికి వచ్చిందని జట్టు ప్రకటించింది. చీలమండ కీలులో మృదులాస్థి మందం ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపే. దానికి రక్తనాళాలు లేవు, చెడితే తిరిగి పెరగడం దాదాపు లేనట్టే. మోకాలు, తుంటి అరుగుదలలు ఎక్కువగా వయసుతో వస్తే, చీలమండ అరుగుదల చాలావరకు పాత గాయాల వల్ల వచ్చేదే. స్కేట్ బూటు గట్టిది. అందులో కాలు పక్కలకు పెద్దగా కదలదు, ముందుకు వంగుతుంది. మోకాలు వంచి ఒళ్లు కిందికి దించాలన్నా, మొదటి అంగ వేయాలన్నా, ఒక అంచు నుంచి మరో అంచుకు మారాలన్నా ఆ వంపు మీదుగానే పోవాలి. శస్త్రచికిత్స జరిగింది. 2024-25 సీజన్‌లో అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ సీజన్ మొదలయ్యేనాటికి అతనికి ముప్పైమూడేళ్లు.